ముల్తాను ఆదిత్యాలయము: గ్రంథముల సాక్ష్యము

పాకిస్తానులోని పంజాబు మండలమున, చీనాబు నదికి తూర్పుగా నెలకొన్న ముల్తాను నగరమున ఒకప్పుడు సూర్యభగవానునకు మహాలయ మొకటి ఉండెడిదనియు, భరతఖండపు నలుమూలలనుండి యాత్రికులు దానిని దర్శింప వచ్చుచుండిరనియు నేడు మనము నిస్సంశయముగా చెప్పగలుగుచున్నాము. అయినను ఆ ఆలయమునకు చెందినదని నిర్వివాదముగా చూపదగిన గోడ గాని, స్తంభశకలము గాని, విగ్రహఖండము గాని మన కన్నులయెదుట లేదు. దానిని గూర్చి మనకు తెలిసినదంతయు పుస్తకముల మూలమున తెలిసినదే. ఆ పుస్తకములైనను ఒక్క జాతివారు, ఒక్క మతమువారు, ఒక్క కాలమున వ్రాసినవి కావు. సంస్కృత పురాణకర్తలు, జ్యోతిశ్శాస్త్రవేత్తలు, చైనా బౌద్ధభిక్షువు, బాగ్దాదు చరిత్రకారులు, గజనీ ఆస్థానపండితుడు, ఫాతిమీ ఖలీఫా కొలువు, ఫ్రెంచి యాత్రికుడు – వీరిలో పెక్కుమంది ఒకరి నొకరు ఎఱుగకయే ఒకే దేవాలయమును గూర్చి పలికిన సాక్ష్యము అది. నశించిపోయిన దేవాలయమునకు సాహిత్యము ఎంతవఱకు సాక్షి కాగలదు, ఎక్కడ కాజాలదు అను ప్రశ్నకు ఇంతకంటె ఉత్తమమైన ఉదాహరణము భారతదేశ చరిత్రలో నాకు కనబడలేదు.

పుణ్యక్షేత్రములందలి లుప్తదేవాలయములను గూర్చిన వాదములు ఈ కాలమున న్యాయస్థానములలోను, సభావేదికలమీదను, పత్రికలలోను విరివిగా సాగుచున్నవి. ఒక పక్షమువారు పురాణమున ఒక శ్లోకము కనబడినంతనే విషయము తేలిపోయినదని సంతసింతురు; మఱియొక పక్షమువారు పురాణములు కట్టుకథలనియు, విదేశీయుల వ్రాతలు పుకారులనియు త్రోసిపుచ్చి, గునపమునకు తగిలినదే నిజమందురు. ఈ రెండు మార్గములును విచారణకు దూరమైనవే. బోనెక్కిన సాక్షిని న్యాయవాది అడుగు ప్రశ్నలనే గ్రంథమును కూడ అడుగవలెను: నీవు స్వయముగా చూచితివా, విని వ్రాసితివా? చూచినచో ఏ సంవత్సరమున? వినినచో ఎవరివలన? నీవు చెప్పినదానివలన నీకు గాని, నీవారికి గాని ఒనగూడు లాభమేమి? నీవు చెప్పిన సంగతిని నిన్నెఱుగని మఱియొకడు చెప్పియున్నాడా? ఈ ప్రశ్నలకు నిలిచిన గ్రంథము శిలాశాసనమునకు ఏమాత్రమును తీసిపోదు. ముల్తాను విషయమున గ్రంథములను ఇట్లు పరీక్షించి చూతము.

మొదట మన పురాణములనే తీసికొందము. శ్రీకృష్ణునికి జాంబవతియందు జనించిన సాంబుడు తండ్రి శాపమువలన కుష్ఠరోగపీడితుడై, చంద్రభాగా తీరమందలి మిత్రవనమున సూర్యు నారాధించి, రోగవిముక్తుడై అచ్చట ఆదిత్యప్రతిష్ఠ చేసెనని సాంబపురాణమును, భవిష్యపురాణపు బ్రాహ్మపర్వమును చెప్పుచున్నవి. చంద్రభాగ యనగా నేటి చీనాబు. నదిలో తేలివచ్చిన ఆ ప్రతిమను విశ్వకర్మ కల్పవృక్షపు దారువున చెక్కినాడని కథ. ప్రతిష్ఠ ముగిసిన పిమ్మట దేవద్రవ్యముతో జీవించుట తమకు తగదని స్థానిక బ్రాహ్మణులు అర్చకత్వమునకు సమ్మతింపకపోగా, సాంబుడు శాకద్వీపమునుండి మగులనబడు అర్చకుల కుటుంబములను పదునెనిమిదింటిని రప్పించెనట. ఈ కథలో దివ్యాంశములను పురాణమునకే విడిచిపెట్టుదము. చరిత్రకారుని దృష్టి నిలువవలసినది అర్చకుల విషయముమీద. తమ క్షేత్రమును పొగడదలచి కథ నల్లువాడు, దేశీయులైన బ్రాహ్మణులు ఆ పూజ కొల్లమనిరనియు, పరదేశమునుండి అర్చకులను తెప్పింపవలసివచ్చెననియు కోరి కల్పింపడు. గొప్పకు అడ్డువచ్చు సంగతిని సైతము దాచక చెప్పినాడనగా, అది ఆనాటివా రందఱెఱిగిన సత్యమగుటవలననే చెప్పవలసివచ్చినదని ఊహించుట న్యాయము. ఈ ఊహకు ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుని బృహత్సంహిత తోడు వచ్చుచున్నది. సూర్యప్రతిష్ఠకు మగులే అర్హులని అత డందు విధించినాడు. సూర్యప్రతిమ ఉత్తరదేశీయుల వేషమున, పాదములు మొదలు వక్షమువఱకు కప్పబడియుండవలెనని లక్షణము చెప్పినాడు. ఈ కప్పబడిన దేహము మనకు తరువాత అక్కఱకు వచ్చును.

పురాణములకు కాలనిర్ణయము కష్టము. ఒకే పేరుగల పురాణమున భిన్నశతాబ్దుల పొరలు కలిసియుండును. కావున పురాణ మొక్కటియే ఆధారమైనచో చంద్రభాగా తీరమున సూర్యక్షేత్ర ముండెనను నమ్మకము ప్రచారమున నుండెనని మాత్రమే మనము చెప్పగలము. అచ్చట ఆలయము నిలిచి, పూజ సాగుచుండెనని చెప్పుటకు చూచినవాడు కావలెను.

చూచినవాడు లభించినాడు. క్రీ. శ. 641 ప్రాంతమున సింధుదేశమును సంచరించిన చైనా భిక్షువు హ్యుయన్‌త్సాంగు మూలస్థానపురమందలి, అనగా ముల్తానులోని, సూర్యాలయమును వర్ణించినాడు. ప్రతిమ స్వర్ణమయమనియు, అమూల్యరత్నములతో అలంకృతమనియు, స్త్రీలు గీతవాద్యములతో సేవింతురనియు, దివ్వెలు రాత్రులందును వెలుగుచుండుననియు, పుష్పగంధములతో అర్చన నిరంతరము జరుగుననియు అతడు చెప్పినాడు. పంచభారతముల, అనగా భరతఖండపు ఐదు భాగముల, రాజులును, శ్రీమంతులును రత్నములను కానుక లిత్తురట. ఆలయమునకు అనుబంధముగా పుణ్యశాల యొకటి కలదనియు, అందు బీదలకు అన్నపానములును, రోగులకు ఔషధములును ఉచితముగా నిత్తురనియు, గుడికి నాలుగు వైపుల తటాకములును, పూలతోటలును ఉన్నవనియు వ్రాసినాడు. ఈ సాక్షికి పక్షపాత మేమి? అతడు బౌద్ధుడు. ఆ పట్టణమున బౌద్ధవిహారము లనేకము శిథిలములై యున్నవని చెప్పినవాడు. పరదేవత వైభవమును పెంచి చెప్పుటవలన అతనికి వచ్చు లాభము లేదు; తగ్గించి చెప్పుటకే కారణము కలదు. అట్టివాడు రోగులకు మందులిచ్చు శాలను ప్రత్యేకముగా పేర్కొనెను. సాంబుని కథ ఆ క్షేత్రమునకు తెచ్చిపెట్టిన పేరు ఎట్టిదో, అచ్చటికి వచ్చు యాత్రికులలో వ్యాధిగ్రస్తులు ఎందఱుండెడివారో ఆ ఒక్క వాక్యము సూచించుచున్నది. ఆరోగ్యము కొఱకు సూర్యుని వేడుట తెలుగువారికిని క్రొత్త కాదు. శ్రీకాకుళము చెంతనున్న అరసవల్లికి రథసప్తమినాడు వెళ్ళు జనమును చూచినవారికి హ్యుయన్‌త్సాంగు మాటలు మిక్కిలి సన్నిహితముగా తోచును.

అటుపిమ్మట డెబ్బది యేండ్లకు అరబ్బుల దండయాత్ర. మహమ్మదు బిన్ కాసిము ముల్తానును జయించిన వృత్తాంతమును తొమ్మిదవ శతాబ్దివాడైన బలాధురీ తన విజయచరిత్రమున వ్రాసినాడు. ఆలయసేవకులు 6,000 మంది బందీలైరనియు, పది మూరల పొడవును ఎనిమిది మూరల వెడల్పును గల గదిలో పైకప్పు రంధ్రముగుండ పోసిన బంగారము దొరకెననియు, అందువలననే ముల్తానునకు స్వర్ణగృహపు పొలిమేర యను పేరు కలిగెననియు అతడు చెప్పినాడు. సింధుదేశ ప్రజలు ఆ విగ్రహమునకు మ్రొక్కుబడులు చెల్లించి, ప్రదక్షిణము చేసి, తలయు గడ్డమును గొఱిగించుకొందురని కూడ వ్రాసినాడు. మన తిరుపతి యాత్రికులకు ఈ ఆచారమును వివరింప నక్కఱలేదు. ఇక అతడు చెప్పిన యొక విచిత్రమైన సంగతి కలదు. ఆ విగ్రహము అయ్యూబు ప్రవక్తదని అనుకొందురట! అయ్యూబనగా బైబిలులోని యోబు. సూర్యవిగ్రహమునకును యోబునకును సంబంధ మేమని చదువరులు ఆశ్చర్యపడుట సహజము. నా కిట్లు తోచుచున్నది: దేహమంతయు వ్రణములై, దైవానుగ్రహమున తిరిగి స్వస్థుడైన పుణ్యపురుషుని కథను ముల్తాను ప్రజలవలన వినిన అరబ్బులు, తమ సంప్రదాయమున అట్టివాడైన అయ్యూబును తలంచుకొనియుందురు. ఇది నిజమైనచో, ఎనిమిది తొమ్మిది శతాబ్దులనాటికే సాంబుని రోగవిముక్తికథ ముల్తానున ప్రజల నోట నుండెనని, సంస్కృతము చదువని అరబ్బు చరిత్రకారుడు తనకు తెలియకయే సాక్ష్యమిచ్చినాడు. తెలియక ఇచ్చిన సాక్ష్యమునకు ఉన్న విలువ తెలిసి ఇచ్చినదానికి లేదు.

దేశమును గెలిచినవారు ఆలయము నేమి చేసిరి? ఇక్కడ గ్రంథములు చెప్పునది ఏ పక్షమువారి సులభసూత్రమునకును లొంగదు. పట్టణపు సిరికి కారణమేమని బిన్ కాసిము విచారించి, యాత్రికులను రప్పించు ఆ విగ్రహమే కారణమని తెలిసికొని, దానిని ఉన్నచోటనే యుంచి, అవమానార్థము దాని మెడకు గోమాంసఖండమును కట్టించెనని గజనీ ఆస్థానపండితుడైన అల్‌బెరూనీ వ్రాసినాడు. అదే చోటున మసీదు కట్టబడెననియు చెప్పినాడు. ఈ ఒక్క వాక్యమును మాత్రము విడదీసి పట్టుకొన్నవాడు ఎనిమిదవ శతాబ్దిలోనే గుడి కూల్చి మసీదు కట్టిరని తీర్పు చెప్పివేయును. కాని రెండు వందల యేండ్లు గడచిన పిమ్మట, హిజరీ 300 దాటిన తరువాత ముల్తానునకు స్వయముగా వెళ్ళిన అరబ్బు చరిత్రకారుడు మసూదీ ఆ ఆలయము యాత్రికులతో కళకళలాడుచుండుట వర్ణించినాడు. ముద్ర వేసిన మైనమునందువలె గుర్తు పడునంతటి మేలైన అగరును దూరదేశములనుండి తెచ్చి స్వామికి సమర్పింతురని చెప్పినాడు. ముల్తాను అమీరునకు వచ్చు రాబడిలో అధికభాగము ఈ కానుకలవలన లభించునదే. హిందూరాజులు దండెత్తి వచ్చినప్పుడు విగ్రహమును భగ్నము చేసెదమని కోటలోనివారు బెదరింతురనియు, అంతట ఆ సేనలు మరలిపోవుననియు మసూదీ వ్రాసినాడు. కావున అల్‌బెరూనీ చెప్పిన తొలి మసీదు గుడి చెంతనో, గుడి ప్రాంగణపు ఒక భాగముననో ఉండవలెను గాని గుడిని తొలగించి కట్టినది కాజాలదు. ఒక సాక్షి మాటకు అర్థము మఱియొక సాక్షి మాటవలన తేలును.

పదవ శతాబ్ది మధ్యమున భూగోళగ్రంథము రచించిన ఇస్తఖ్రీ ఇచ్చిన వర్ణన యింకను సూక్ష్మమైనది. నగరమున జనసమ్మర్దము మిక్కుటమైన చోట, దంతపుపనివారి అంగళ్ళకును కంచరుల దుకాణములకును నడుమ ఆలయమున్నది. మధ్యభాగమున గోపురము క్రింద విగ్రహము; చుట్టును అర్చకుల, సేవకుల నివాసములు. ఇటుకలతోను గారతోను కట్టిన పీఠముమీద మనుష్యాకృతిగల ప్రతిమ కాళ్ళు మడిచి కూర్చుండియున్నది. దేహమంతయు ఎఱ్ఱని తోలువంటి దానితో కప్పబడియుండుటవలన కన్నులు తప్ప మఱేమియు కానరావు. విగ్రహము దారుమయమని కొందఱు, కాదని కొందఱు అందురు. కన్నుల స్థానమున రత్నములు, శిరమున బంగారు కిరీటము; చేతులు మోకాళ్ళమీద ఆని, వ్రేళ్ళు నాలుగే లెక్కకు వచ్చునట్లు ముడుచుకొనియున్నవి.

ఈ వర్ణనను పురాణముతోను, బృహత్సంహితతోను ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. ప్రతిమ దారుమయమని పురాణము చెప్పెను. దారువని కొందఱందురని ఇస్తఖ్రీ చెప్పెను. దారువేయని అల్‌బెరూనీ రూఢిగా చెప్పి, ఎఱ్ఱని తోలుతో కప్పబడినదనియు, కన్నులు రెండు కెంపులనియు వర్ణించెను. సూర్యుని దేహము కప్పబడియుండవలెనని వరాహమిహిరుడు విధించెను. కన్నులు తప్ప ఏమియు కనబడవని అరబ్బు భూగోళకారుడు వ్రాసెను. కెంపుకన్నులను చెప్పినవానికి గాని, తోలును చెప్పినవానికి గాని వరాహమిహిరుని లక్షణముతో తన వర్ణనను సరిపోల్చవలెనను ఉద్దేశము లేదు. హ్యుయన్‌త్సాంగు బంగారమనుట యొక్కటి పొసగుట లేదు. పసిడి తొడుగు నతడు చూచి ప్రతిమయే పసిడియని తలంచెనో, ఏడవ శతాబ్దినాటి స్వర్ణప్రతిమ అరబ్బుల దోపిడిలో పోగా దారువిగ్రహము దాని స్థానమున వచ్చెనో నిశ్చయింప వీలులేదు. రెండవదే నాకు సంభావ్యముగా తోచుచున్నది. ఇట్టి అసామ్యములు చిన్నచిన్నవి కనబడుట సాక్ష్యమునకు లోపము కాదు. అందఱును ఒకే మాటను ఒకే తీరున చెప్పిననే అనుమానింపవలెను.

నిజముగా అట్లు చెప్పినవారును కలరు. పదవ శతాబ్ది చివర గ్రంథము ముగించిన ఇబ్న్ హౌకలును, 1154లో సిసిలీ రాజైన రోజరు కొలువున గ్రంథము వ్రాసిన ఇద్రీసీయును అదే విగ్రహమును, అదే అంగళ్ళను, అదే నాలుగు వ్రేళ్ళను తిరిగి వర్ణించిరి. ఇద్రీసీ భారతదేశమును చూచినవాడు కాడు. ఇస్తఖ్రీ మాటలే ఆయా గ్రంథములకు ప్రాకినవి. ఐదుగురు చెప్పిరి కదా యని ఐదు సాక్ష్యములుగా లెక్కించువారు మన వాదరంగమున కోకొల్లలు. నకలు వ్రాసినవాడు సాక్షి కాడు. ఇద్రీసీ గ్రంథమునుబట్టి పండ్రెండవ శతాబ్ది నడుమ ఆలయము వైభవముతో నుండెనని చెప్పుట పెద్ద పొరపాటగును. ఏలనన, అప్పటికి ఆ విగ్రహము భగ్నమై రెండు వందల యేండ్లు కావచ్చినది.

భగ్నము చేసినవా రెవరు? పదవ శతాబ్దిమధ్యమున కర్మతీయులని పేరు పొందిన ఇస్మాయిలీ శాఖవారు ముల్తానును ఆక్రమించిరి. వారి నాయకుడు జలమ్ బిన్ షైబాను విగ్రహమును ముక్కలు చేసి, అర్చకులను చంపించెనని అల్‌బెరూనీ చెప్పినాడు. అల్‌బెరూనీ కర్మతీయుల శత్రువైన గజనీ మహమ్మదు ప్రాపున నుండినవాడు గనుక శత్రువుమీద నింద మోపెనేమో యను సందేహము కలుగవచ్చును. ఆ సందేహమును తీర్చు పత్ర మొకటి కర్మతీయుల పక్షమునుండియే వెలువడినది. ఫాతిమీ ఖలీఫా అల్ ముయిజ్జు హిజరీ 354, అనగా క్రీ. శ. 965లో జలమ్ బిన్ షైబానునకు వ్రాసిన లేఖ ఇస్మాయిలీల చరిత్రగ్రంథమున నిలిచియున్నది. విగ్రహమును పగులగొట్టినందులకు ఖలీఫా అందు అతనిని అభినందించి, ఆ విగ్రహపు శిరస్సును తనకు పంపినచో సంతసింతుననెను. నిందించినవాడును, ప్రశంసించినవాడును ఒకే కార్యమును చెప్పుచున్నప్పుడు ఇక సందేహమునకు తావెక్కడిది? ఇస్తఖ్రీ గ్రంథమునకును ఈ లేఖకును నడుమనున్న కొలది సంవత్సరములలో ఆ ఘోరము జరిగినదని కాలమును సైతము నిర్ణయింపగలుగుచున్నాము. శాసనములు పుష్కలముగానున్న దేవాలయములలోను ఇంత నిర్దిష్టముగా తేలు సందర్భములు తక్కువ.

రెండున్నర శతాబ్దులపాటు సున్నీ అమీరులు స్వలాభము కొఱకే యైనను నిలిపియుంచిన ఆలయమును ఇస్మాయిలీ నాయకుడు నాశనము చేసెను. ఆ ఇస్మాయిలీలను విగ్రహభంజకుడని పేరుపడిన గజనీ మహమ్మదు 1006లో ఒకసారియు, 1010లో మఱియొకసారియు దండెత్తి అణచివేసెను. ఈ చరిత్రను ఒక్క వాక్యమున ఇమిడ్చి నినాదముగా మార్చువారు ఏదో యొక సాక్షి నోరు నొక్కుచున్నారని గ్రహింపవలెను. అర్చకుల వధను మఱుగుపఱచుట అసత్యము. అంతకు ముందటి రెండున్నర శతాబ్దుల మనుగడను మఱుగుపఱచుటయు అసత్యమే.

అల్‌బెరూనీ గ్రంథమున హృదయమును కలచు స్థలము తరువాత వచ్చును. జలమ్ బిన్ షైబాను పూర్వపు మసీదును మూయించి, ఎత్తైన చోట ఇటుకలతో కట్టించుకొన్న తన కోటభవనమునే మసీదుగా చేసెను. మహమ్మదు వచ్చి పాతమసీదును మరల తెఱిపించెను. రెండవది పాడుపడి, గ్రంథరచనాకాలమైన 1030 ప్రాంతమునకు గోరింటాకు కట్టలు కట్టు కళ్ళముగా మాత్రమే మిగిలెనట. ఒక మతశాఖ గర్వముతో కట్టినది అఱువది డెబ్బది యేండ్లలో గోరింటాకు కళ్ళమైనది. అయినను సూర్యోపాసన అంతరింపలేదు. ముల్తాను హిందువులు సాంబపురయాత్ర యను ఉత్సవమును సూర్యుని కొఱకు జరుపుకొందురనియు, ఆ పట్టణమున ఒక కొలను కలదనియు, ఎవరును అడ్డగింపనిచో హిందువులందు స్నానము చేసి అర్చింతురనియు అల్‌బెరూనీయే చెప్పినాడు. నాలుగు వందల యేండ్లకు ముందు హ్యుయన్‌త్సాంగు చూచిన తటాకములలో అదియు నొకటి యని నేను నమ్ముచున్నాను. గుడి పోయినను కొలను నిలిచినది. విగ్రహము పోయినను తిథి నిలిచినది. అడ్డగింపనిచో నను ఆ చిన్నమాటలో ఆనాటి భక్తుల దైన్యమంతయు ఉన్నది. ఆ మాటను దాచక వ్రాసిన అల్‌బెరూనీకి, మతభేదమును పాటింపక, మనము నమస్కరింపవలసియున్నది.

తరువాతి కాలపు సాక్ష్యము పలుచనైనది. 1666–67లో మన దేశమున సంచరించి, గోలకొండను, మచిలీపట్టణమును చూచిన ఫ్రెంచి యాత్రికుడు తెవనో ముల్తానున ఒక దేవళము కలదనియు, అందలి విగ్రహపు ముఖము నల్లనిదనియు, ఎఱ్ఱతోలు వస్త్రముగా గలదనియు, కన్నుల స్థానమున ముత్యము లున్నవనియు వ్రాసినాడు. అతడు ముల్తానునకు వెళ్ళినట్లు కనబడదు; వినిన మాటలే. అయినను కెంపులకు మాఱుగా ముత్యములనుటయు, ముఖము నల్లనిదనుటయు అరబ్బు గ్రంథములలో లేని అంశములు గనుక అది పాతపుస్తకముల నకలు కాకపోవచ్చును. నడిమి శతాబ్దులలో చిన్నదో పెద్దదో సూర్యాలయ మొకటి పునరుద్ధరింపబడియుండునని మాత్రము చెప్పవచ్చును. పందొమ్మిదవ శతాబ్దిలో అలెగ్జాండరు కన్నింగ్‌హాం ముల్తాను కోటను పరిశీలించి, పునరుద్ధరింపబడిన ఆలయము ఔరంగజేబు కాలమున నాశనమైనదనియు, కోట నడుమ దాని స్థానమున జామా మసీదు వెలసినదనియు, సిక్కులు ఆ మసీదును మందుగుండు కొట్టుగా వాడగా 1848 ముట్టడిలో అది పేలిపోయినదనియు అభిప్రాయపడినాడు. పేలుడు చారిత్రకసత్యము. స్థలనిర్ణయము మాత్రము ఊహ. దంతపుపనివారి అంగళ్ళు, కంచరుల దుకాణములు కోట నడుమ నుండెనా, వెలుపల బజారున నుండెనా? ఇస్తఖ్రీ మాటను తీర్చక కన్నింగ్‌హాం మాటను సిద్ధాంతముగా గైకొనుట తగదు.

సాహిత్యసాక్ష్యము ఎక్కడ ఆగిపోవునో ఇచ్చట తెలియుచున్నది. ఆలయము ఉండెనని అది చెప్పగలదు, దేవత యెవరో, అర్చకు లెవరో, ఏ కాలమున ఎవరి చేత భగ్నమయ్యెనో చెప్పగలదు; ఏ గజము నేలమీద నిలిచెనో చెప్పజాలదు. ఏలనన క్షేత్రకథలు నడచుచుండును. సాంబుని కథయే తూర్పునకు నడచి ఉత్కళదేశమున కోణార్కమును చేరి, అచ్చటి సముద్రతీరమున మఱియొక చంద్రభాగను సృష్టించుకొన్నది. ముల్తాను కోటలోనే ప్రహ్లాదపురి యను నరసింహాలయము ఉండెడిది. హిరణ్యకశిపుని నగరము తమదేయని ముల్తానువారి విశ్వాసము, స్వామి స్తంభమునుండి వెడలినది మన అహోబిలముననే యని తెలుగువారి విశ్వాసము. భక్తునకు రెండును సత్యములే. అందు తప్పేమియు లేదు. ఆ భక్తిసత్యమును కొలతగొలుసుగా వాడబోయినప్పుడే చిక్కు వచ్చును. ప్రహ్లాదపురి ఆలయము 1992 డిసెంబరులో అల్లరిమూకల చేతిలో ధ్వంసమైనది. దానిని సూర్యాలయముతో కలిపివేసి, రెండింటి చరిత్రయు ఒక్కటే యన్నట్లు వ్రాయుచున్నవారు కొందఱు కలరు. రెండు దేవాలయములకు జరిగిన రెండు అన్యాయములను ఒక్కటిగా కలుపుట వలన రెండింటికిని అపచారము జరుగుచున్నది.

మన యింటి సంగతియు ఇట్టిదే. ఓరుగంటి కోటలో కాకతీయుల ఆరాధ్యదైవమైన స్వయంభూదేవుని మహాలయము నేలమట్టమైనను, నాలుగు దిక్కుల నాలుగు తోరణములు నిలిచి దాని పరిధిని చూపుచున్నవి. ఆ నగరపు వీథులను, ఏకవీర, మైలారుదేవుడు మున్నగు దేవతల గుళ్ళను, అచ్చట జరుగు కొలువులను క్రీడాభిరామము కన్నులకు కట్టినట్లు వర్ణించినది. ఆ గుళ్ళలో ఎన్నింటికి నేడు స్థానము తెలియును? కావ్యమును అలంకారము కొఱకు చదువుటకు అలవాటుపడిన మనలో, ఆ కావ్యపాత్రలైన మంచనశర్మయు టిట్టిభసెట్టియు నడచిన త్రోవను పటముమీద గుర్తించుటకు పూనుకొన్నవారిని వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. కల్నలు మెకంజీ కొఱకు కావలి బొఱ్ఱయ్య సోదరులు ఊరూర తిరిగి సేకరించిన కైఫీయతులలో, అనగా గ్రామచరిత్రలలో, పాడుపడిన గుళ్ళ వృత్తాంతములు కుప్పలుగా నున్నవి. వానిలో ఏది చూచి వ్రాసినది, ఏది విని వ్రాసినది, ఏది ఇనాము నిలుపుకొనుటకై కరణములు అల్లి చెప్పినది అను విచారణ నేటికిని ఏ కొలదియో తప్ప జరుగలేదు.

ముల్తానున శాస్త్రీయమైన త్రవ్వకములు జరుపవలసిన బాధ్యత పాకిస్తాను పురాతత్త్వశాఖది. ఆ గడ్డ వారిది, అందలి చరిత్ర వారి ప్రజల పూర్వచరిత్ర. అది జరుగు వఱకు ఫలానా చోటనే గుడి యుండెనని వ్రేలు చూపుట ఎవరికిని తగదు. మన చేతనైన పని వేఱొకటి కలదు. అల్‌బెరూనీ భారతవర్ణనమును, మసూదీ, ఇస్తఖ్రీ, బలాధురీల సింధుప్రకరణములను అరబ్బీమూలమునుండి నేరుగా తెలుగు చేయించి, సాంబపురాణముతో కూడ, పండితవ్యాఖ్యతో ఒక్క సంపుటముగా ప్రకటించుటకు హైదరాబాదు విశ్వవిద్యాలయములలో అరబ్బీ తెలిసిన ఆచార్యులును, సంస్కృతము తెలిసిన ఆచార్యులును ఉన్నారు. వారిని ఒక్క బల్ల చుట్టు కూర్చుండబెట్టి, వ్యయమును భరించుటకు మన రెండు రాష్ట్రముల అకాడమీలు పూనుకొనవలెను. చదువరులు చేయదగినదియు ఒకటి కలదు: మీ యూరి గుడి స్థలపురాణపు వ్రాతప్రతి ఎవరి పెట్టెలోనైన నున్నచో, దానిని చెదలకు విడువక, దానిలోని పాఠమును మార్చక, ఎవరు వ్రాసిరో ఎప్పుడు వ్రాసిరో తెలిసినంతవఱకు జోడించి, నకలొకటి దగ్గఱి ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు పంపుడు.